నేనెవరో చెప్పండి చూద్దాం

"ఆరు, రెండు, తొమ్మిది, సున్నా, నాలుగు, ఎనిమిది, ఒకటి."

దివాకరం ఒక్కొక్క అంకె చదువుతుంటే వకుళ కళ్లు మూసుకుని వింది. ఆఖరి అంకె పూర్తికాగానే తడబాటు లేకుండా అన్నీ తిరిగి చెప్పింది. తరువాత చివరినుంచి మొదటికి కూడా చెప్పింది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఇరవై ఆరేళ్లపాటు ఊరికీ ఊరికీ మధ్య ట్రంకు కాల్స్ కలిపిన మనిషికి ఏడంకెలు ఒక లెక్కా?

"ఇంకా పెద్దది ఇవ్వండి. ఇవి పిల్లల నంబర్లు," అంది నవ్వుతూ.

అద్దం అవతల కూర్చున్న డాక్టర్ ఫరీదా చెయ్యి ఊపింది. దివాకరం లేచి కిటికీ తెర సర్దాడు. గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి భార్య చేతికిచ్చాడు. ఆమె తాగి, గ్లాసు పక్కన పెట్టి, పైట అంచుతో మూతి తుడుచుకుంది.

"ఇందాకటి నంబరు మళ్లీ చెప్పు వకుళా."

"ఏ నంబరండీ?"

కార్తీకమాసంలో వచ్చిన జ్వరం మెదడుకు పాకింది. పదిహేను రోజుల తరువాత మనిషి దక్కింది. మాట, నడక, నవ్వు, చేతి వంట అన్నీ దక్కాయి. పాత సంగతులు కూడా చాలావరకు ఉన్నాయి. కొత్తది మాత్రం ఒక్కటీ నిలవడం లేదు. పెదవులు కదుపుతూ వల్లించుకుంటున్నంతసేపే ఏదైనా ఆమె దగ్గర ఉంటుంది. చూపు అటు తిరిగిందా, అంతే.

ఇంట్లో అది అంకెలతో ఆగదు. "మా అమ్మకి ఫోన్ చేశారా?" అని మొదటిసారి అడిగినప్పుడు దివాకరం నిజం చెప్పాడు. అమ్మ పోయి ఏడాదిన్నర అయిందన్నాడు. వకుళ అప్పుడే కబురు విన్నట్టు గోడకి ఆనుకుని ఏడ్చింది. పది నిమిషాలకి కళ్లు ఎందుకు మండుతున్నాయో తెలియక రెప్పలు నలుపుకుంటూ, "మా అమ్మకి ఫోన్ చేశారా?" అంది. నాలుగోసారికి దివాకరం అబద్ధం నేర్చుకున్నాడు. "చేశాను. కులాసాగా ఉందిట," అనేవాడు. ఆమె ముఖం విప్పారేది. రోజుకి ముప్పై సార్లు ఆ ముఖం విప్పారడం చూడగలగడం కూడా ఒక దయే అనుకునేవాడు.

అతను విశాఖపట్నంలో, సముద్రం కనిపించే గుట్ట మీది పరిశోధనాలయంలో పరికరాల ఇంజనీరు. ఫరీదా బృందం తొమ్మిదేళ్లుగా ఎలుకల మీద పరీక్షిస్తున్న, జ్ఞాపకాలు నిలిపే పట్టీ అతని చేతుల్లో తయారైనదే. జుట్టు కింద ఇమిడిపోతుంది. చెవి వెనక గవ్వంత డబ్బీ ఉంటుంది. మొట్టమొదటి మనిషిగా వకుళని తీసుకోవడానికి అనుమతులు వచ్చాక ఫరీదా ఆమెని పదకొండుసార్లు ఒప్పుకోలు అడిగింది. వకుళ పదకొండుసార్లూ కొత్తగా ఆలోచించి ఒప్పుకుంది.

"ఏం చేస్తుందమ్మా ఇది?" అని ప్రతిసారీ అడిగేది.

ఆరోసారికి ఫరీదా ఆమె భాషలోనే చెప్పడం పట్టుకుంది. "ఎక్స్ఛేంజిలో కాల్ బుక్ అయితే చీటీ రాసేవారు కదా. షిఫ్టు అయ్యాక చీటీలన్నీ రికార్డు గదికి వెళ్లేవి కదా. మీరు చీటీలు చక్కగా రాస్తున్నారు వకుళగారూ. మోసుకెళ్లే మనిషి జబ్బుపడ్డాడు. మామూలుగా ఆ మనిషి మనం నిద్రపోయాక తీరిగ్గా మోస్తాడు. ఈ పట్టీ అప్పటికప్పుడే మోస్తుంది."

"అయితే పరుగెత్తే మనిషన్నమాట. జాగ్రత్తమ్మా, పరుగెత్తేవాళ్లు చీటీలు తారుమారు చేస్తారు," అంది వకుళ. అందరూ నవ్వారు.

మాఘమాసంలో పట్టీ పెట్టారు. ఒకసారి పెట్టాక తీయకూడదు. ప్రతి ఉదయం దాన్ని శ్రుతి చేయాలి. లోతుగా నాటుకున్న పాత జ్ఞాపకం ఒకటి ఆమె తలుచుకుంటుంటే, ఆ అలికిడిని బట్టి పట్టీ తన దారి చూసుకుంటుంది. ఏ జ్ఞాపకాలు అడగాలో భర్తకే తెలుస్తుందని ఫరీదా ఆ పని దివాకరానికే అప్పగించింది. అతను నోటుపుస్తకంలో నాలుగు ప్రశ్నలు రాశాడు. హైమ పుట్టిన రోజు ఏం జరిగింది? పెళ్లి పీటల మీద ఏం జరిగింది? నేనెవరిని? నాలుగోది రాసిన వెంటనే, మేడమ్ చదువుతారని సిగ్గుపడి, ఏం రాశాడో కనపడకుండా కొట్టేశాడు.

అయిదో రోజు పొద్దున్న కాఫీ అందిస్తుంటే వకుళ అంది. "నిన్న వంకాయకూరలో ఉప్పు మరిచిపోయారు. పోనీలే పాపమని ఊరుకున్నాను. ఇవాళైనా చూసి వెయ్యండి."

దివాకరం గ్లాసు బల్ల మీద పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయాడు. నిన్న అన్న మాట ఆమె నోట విని మూడు నెలలు దాటింది. ఉప్పు డబ్బా పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

*

సంగతి చుట్టాల్లో పొక్కింది. చూడటానికి రానివాళ్లు లేరు. వచ్చినవాళ్లు గుమ్మంలో చెప్పులు విడుస్తూనే అడిగే మాట ఒక్కటే. పసిపిల్లల్ని, ముసలివాళ్లని, జబ్బునుంచి లేచినవాళ్లని మనం అడగకుండా వదలని మాట.

"వదినగారూ! నేనెవరో చెప్పండి చూద్దాం!"

వకుళ తమ్ముడి భార్య రాజ్యం, అనకాపల్లి నుంచి బెల్లం దిమ్మతో దిగి, తలుపు మూలన సగం దాక్కుని మరీ అడిగింది.

"ఎవరూ, రాజ్యానివి. నీ పెళ్లిలో వడ్డించేవాళ్లు అలిగి వెళ్లిపోతే నేనే కొంగు దోపి వడ్డించాను."

"ఏటండీ అన్నయ్యగారూ, నాకే గుర్తులేదు! ఈవిడకి జబ్బేటి, మనకే జబ్బు!" రాజ్యం చప్పట్లు కొట్టింది. తరువాతి వారం మళ్లీ వచ్చింది, మళ్లీ అడిగింది. ఎదురింటివాళ్లు అడిగారు. ఎక్స్ఛేంజి స్నేహితురాళ్లు వరసగా నిలబడి అడిగారు. అడిగించుకోవడం వకుళకీ సరదాగానే ఉండేది. ప్రతి సరైన జవాబుకీ దివాకరం లోపల దీపం ఒత్తి ఎగదోసినట్టయ్యేది.

కూతురు హైమ ఓడరేవు ఆఫీసులో పనిచేస్తుంది. ప్రతి ఆదివారం వచ్చేది. తను పుట్టిన కథ తల్లి నోట వినడం ఆమెకి చిన్నప్పటినుంచీ ఇష్టం. తుఫాను పట్టిన మధ్యాహ్నం, కరెంటు పోయిన ఆసుపత్రి, లాంతరు పట్టుకున్న నర్సు, తడిసి ముద్దయి వచ్చిన అమ్మమ్మ. వకుళ చేతులు తిప్పుతూ చెప్పేది.

వైశాఖంలో ఒక ఆదివారం హైమ తల్లి ఒళ్లో తల పెట్టుకుని, "నేను పుట్టిన రోజు చెప్పమ్మా," అంది.

"ఆ రోజా?" వకుళ నవ్వింది. అదే నవ్వు. చేతులు అలాగే తిప్పింది. "కిటికీకి ఆకుపచ్చ తెర ఉంది. మీ నాన్న నీలంచొక్కాతో ఎదురుగా కుర్చీలో కూర్చున్నారు. చేతిలో నోటుపుస్తకం. పక్కగదిలో ఎవరో గోడకి రంధ్రం వేస్తున్నారు, ఒకటే రొద. బల్ల మీద గ్లాసుతో మంచినీళ్లు. అప్పుడు పుట్టావు నువ్వు."

హైమ తల ఎత్తి తండ్రి వైపు చూసింది. దివాకరం చేతిలో తాళింపు గరిటె ఉంది. ఆకుపచ్చ తెర పరిశోధనాలయంలోది. నీలంచొక్కా అతను మొన్న వేసుకున్నది.

"లాంతరు, అమ్మా? నర్సు లాంతరు పట్టుకుంది కదా?"

"లాంతరు ఎందుకే? ట్యూబులైటు ఉంటే!"

*

మరునాడు ఆ నోటుపుస్తకం ముందు వేసుకుని దివాకరం, ఫరీదా కూర్చున్నారు. తొంభై ఎనిమిది ఉదయాలు. ప్రతి ఉదయం మూడు ప్రశ్నలు, పక్కన జవాబులు. అతని చేతిరాతలోనే అంతా ఉంది. జవాబు పొట్టిదవుతూ వచ్చింది. తుఫాను పోయింది. అమ్మమ్మ తడవడం మానేసింది. నర్సు పోయింది. ఒక చోట మొదటిసారి గ్లాసుతో మంచినీళ్లు వచ్చి చేరాయి. తను చూసుకున్నది జవాబు చెప్పిందా లేదా అనేదే. చెప్పగానే రైటు గుర్తు పెట్టి పేజీ తిప్పేశాడు.

ఫరీదా పుస్తకం మూసింది. "తలుచుకోవడమంటే పాత కాగితం రికార్డు గదిలోంచి బల్ల మీదకి తీయడం దివాకరంగారూ. చూశాక మళ్లీ లోపల పెట్టాలి. అందరికీ అంతే. పెట్టేటప్పుడు కొద్దిగా నలుగుతుంది. ఈ పట్టీ ఏం చేస్తోందంటే..." ఆగింది. "బల్ల మీద ఏ కాగితముంటే దాని మీద ఇప్పటి చీటీ అంటించి లోపలికి పంపేస్తోంది. ఎలుకల్లో మనకి తెలియలేదు. వాటినెవరూ నీ పాతరోజులు చెప్పమని అడగలేదు."

"అంటే అడిగినవన్నీ..."

"అడిగినవన్నీ."

ఆమెకి ఎంతో ఇష్టమైనవే తను ఏరి ఏరి అడిగాడు. ఇష్టం లేనివి ఎవరు అడుగుతారు?

"తీసేస్తే?"

"పోయినవి రావు. మిగిలినవి ఉంటాయి. కానీ మళ్లీ ఆ పది నిమిషాల్లోకే వెళతారు. ఈసారి ఎప్పటికీ. ఆవిడే చెప్పాలి, తీయాలో వద్దో. ముందు మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

"నేనే చెబుతాను. రెండు రోజులు ఇవ్వండి మేడమ్," అన్నాడు దివాకరం. ఆ రెండు రోజులు వారమయ్యాయి. శ్రుతి చేయడం ఆపేశారు. కానీ చెప్పాలని నోరు తెరిచినప్పుడల్లా, చెప్పడంతోనే ఆమె వెనక్కి చూసుకుంటుందేమోనని భయం వేసేది.

గోడల మీద ఫొటోలు తీసి మంచం కింద పెట్టాడు. పాత పాటలు వస్తాయని రేడియో తీగ పీకేశాడు. మల్లెపూలు కొనలేదు. ఇంగువ పోపు వెయ్యలేదు. ఏ వాసన ఏ గది తలుపు తీస్తుందో ఎవరికి తెలుసు? పోస్టుమాన్ గేటు చప్పుడు చేసినా ముందే పరుగెత్తి వెళ్లేవాడు. ఆమె ఎప్పుడైనా కిటికీ దగ్గర నిలబడి దూరంగా చూస్తుంటే, ఏం తలుచుకుంటోందో, అది ఈ క్షణమే పోతోందేమోనని, అడగలేక, ఆపలేక, చేతిలో ఉన్న పళ్లెం కావాలని కింద పడేసేవాడు.

"ఇంట్లో దొంగలా తిరుగుతున్నారేమండీ?" అంది వకుళ ఒకరోజు.

గేటుకి కాగితం అంటించాడు. 'దయచేసి లోపల ఏమీ అడగవద్దు.' రాజ్యం కాగితాలు చదివే రకం కాదు. శుక్రవారం బెల్లం దిమ్మతో సరాసరి హాల్లోకి వచ్చేసింది.

"వదినగారూ, నేనెవరో..."

"అడక్కు!" దివాకరం అరిచిన అరుపుకి తనే ఉలిక్కిపడ్డాడు. ఆ ఇంట్లో అంత గొంతు ఎప్పుడూ లేవలేదు.

వకుళ అప్పటికే మర్యాదగా నవ్వుతోంది. "తెలియకేమండీ. బెల్లం తెచ్చే ఆవిడ కదూ. పోయినసారి బెల్లం బాగుంది. కూర్చోండి."

రాజ్యం చేతిలో సంచీ అలాగే ఉండిపోయింది. "ఏటి వదినగారూ... నా పెళ్లికి వడ్డించింది మీరే కదేటి," అంది, ఏడుపు గొంతుతో.

*

ఆమె వెళ్లాక వకుళ తలుపు దగ్గరగా వేసి వచ్చి కూర్చుంది. ముందున్న కుర్చీ చూపించి, "కూర్చోండి," అంది.

దివాకరం కూర్చున్నాడు.

"ఒక సంగతి అడుగుతాను. బాధపడకండి. మీరు నా భర్త అని అందరూ అంటున్నారు. హైమ నాన్నా అంటుంది. నేను నమ్ముతున్నాను. మంచివారు, అది నేను ఈ నాలుగు నెలల్లోనూ కళ్లారా చూశాను. కానీ నాకు మీరు ఆ ఆకుపచ్చ తెర గదిలోంచే మొదలవుతున్నారండీ. దాని వెనక్కి వెళితే మీరు లేరు."

బయట వీధిలో కూరలబండి అరుచుకుంటూ పోయింది. 

"ఎన్నాళ్లనుంచి?"

"నెలనుంచి. చెబితే మీరు అన్నం మానేస్తారని చెప్పలేదు."

నెలరోజులుగా, ఎవరో తెలియని మనిషిని బాధపెట్టకూడదని, రోజూ పొద్దున్న 'ఏమండీ' అని పిలుస్తూ వచ్చింది. దివాకరం అంతా చెప్పాడు. పట్టీ, చీటీలు, నోటుపుస్తకం, తను పెట్టిన రైటు గుర్తులు. వకుళ మధ్యలో ఒక్క ప్రశ్న వెయ్యలేదు. విన్నాక చెవి వెనక డబ్బీని వేలితో తడిమింది.

"చెప్పాను కదా, పరుగెత్తేవాళ్లు తారుమారు చేస్తారని."

"నన్ను క్షమించు వకుళా."

"దానికేంలెండి. ఇది ఉంటే రేపు ఉంటుంది, నిన్న ఉండదు. తీస్తే నిన్న ఉంటుంది, రేపు ఉండదు. అంతేనా?" చేతులవైపు చూసుకుంది. "లోపల ఒకటి ఉందండీ. నాకెంతో కావలసినది. ఉందని తెలుస్తోంది, అటు చూడటం లేదు. నెలరోజులుగా దాని పక్కనుంచి కళ్లు మూసుకుని నడుస్తున్నాను. చూస్తే పోతుందేమోనని నాకు ముందే అనిపించింది. ఎప్పుడో ఒకప్పుడు మరుపున చూసేస్తాను. భయంగా ఉంది."

"ఏమిటది?"

"చెప్పాలంటే చూడాలి కదా!" ఆమె మొదటిసారి కసురుకుంది. ఆ కసురు మాత్రం ముప్పైఎనిమిదేళ్ల కిందట, పెళ్లయిన కొత్తల నాటిదే. "తీయించెయ్యండి. రేపే."

*

పట్టీ తీశారు. ఎందుకు తీయమందో పది నిమిషాల తరువాత ఆమెకి తెలియదు. లోపల ఏదో ఉందన్న సంగతీ తెలియదు. ఆ రెండూ ఇప్పుడు దివాకరం ఒక్కడి దగ్గరే ఉన్నాయి.

మెదడు సర్దుకునేదాకా ఏమీ అడగవద్దంది ఫరీదా. చెప్పకపోయినా అడిగేవాడు కాదు.  వకుళ అతన్ని ఆసుపత్రి మనిషిలా గౌరవంగా చూసేది. "మీరు భోంచేశారా?" అనేది. పది నిమిషాలకోసారి "హైమ వచ్చిందా?" అనేది. ఏమండీ అనడం మానేసింది. ఆమె దాచుకున్న ఆ ఒక్కటి, ఏదైనా సరే, మిగిలిందో లేదో చెప్పేవాళ్లు లేరు. ఒకవేళ పట్టీ తీసే ముందురోజే చూసేసి ఉంటే? ఈ ఆలోచన వచ్చినప్పుడు లేచి మొక్కలకి నీళ్లు పోసేవాడు. మొక్కలు కుళ్లిపోతున్నాయని హైమ తిట్టింది.

ఆషాఢంలో ఒకరోజు పరిశోధనాలయం నుంచి మాత్రల సంగతి చెప్పడానికి ఇంటికి ఫోన్ చేశాడు. సెలవు పెట్టి తల్లి దగ్గర ఉంటున్న హైమ సెల్లు పలకలేదు. హాల్లో ఎర్ర టెలిఫోన్ ఉంది. వకుళ రిటైరైనప్పుడు, వాడినా వాడకపోయినా లైను తీయించడానికి వీల్లేదని పట్టుబట్టి ఉంచుకున్నది. దానికి చేశాడు.

"ట్రంక్స్. నంబర్ చెప్పండి."

వకుళ గొంతు. చురుకుగా, కొద్దిగా ముక్కుతో.

"అదీ... హైమ ఉందా అండీ?"

అవతల గొంతు తగ్గింది, మెత్తబడింది.

"ఓ, మీరా. ఇవాళ ఆదివారం కాదుగా? రాజమండ్రి మూడు రెండు సున్నా ఆరు. అమ్మగారికేనా?"

దివాకరం బల్ల అంచు పట్టుకున్నాడు. నంబరు అతను చెప్పలేదు.

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఆదివారం ఆదివారం తపాలాఫీసు బూత్‌నుంచి తల్లికి ట్రంకు కాల్ చేసేవాడు. కలిపే గొంతు ఎప్పుడూ ఒకటే. లైను దొరికేలోగా నాలుగు మాటలు. ఏడాదిపాటు మనుషులు చూసుకోలేదు, మాటలే. తరువాత ఆ గొంతు ఎవరిదో కనుక్కుని, పెద్దల చేత మామూలు సంబంధంలా అడిగించాడు. ఈ సంగతి ఇద్దరూ ఎవరికీ చెప్పలేదు, హైమకి కూడా. నోటుపుస్తకంలో సిగ్గుపడి కొట్టేసిన నాలుగో ప్రశ్న అదే. అందుకని ఎవరూ అడగలేదు. వచ్చినవాళ్లంతా ముఖం చూపించే కదా అడిగింది. గొంతు సంగతి ఎవరికి తెలుసు?

"దగ్గు తగ్గిందా?" అంది వకుళ. "పోయినవారమంతా దగ్గుతూనే మాట్లాడారు. మిరియాలపాలు తాగమన్నాను."

"తాగాను. తగ్గింది."

"అయితే మంచిదే. సూపర్‌వైజరు వస్తోంది, లైనులో ఉండండి."

అతను లైనులో ఉన్నాడు. ఆమె గాజుల చప్పుడు, కూనిరాగం వినిపించాయి. అవి ఆగిపోయాయి. "హలో? ఎవరండీ మాట్లాడేది?" అంది వకుళ, కొత్తగా. దివాకరం మెల్లిగా ఫోన్ కట్టేశాడు.

ఫరీదా అంతా విని కళ్లు తుడుచుకుంది. కానీ అబద్ధం చెప్పలేదు. "రోజూ చెయ్యకండి. పట్టీ లేకపోయినా, తీసి చూసినప్పుడల్లా కాగితం కొద్దిగా నలుగుతుంది. ఎన్నిసార్లు వస్తుందో నేను చెప్పలేను."

అప్పటిలాగే ఆదివారాలు మాత్రమే అనుకున్నాడు.

ఆదివారం పది గంటలకి వకుళ హాల్లో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. దాటి వెళుతుంటే తలెత్తి, "మీరు భోంచేశారా?" అంది. తల ఊపి పెరట్లోకి వెళ్లి, దండెం మీద ఆరేసిన దుప్పటి వెనక నిలబడి నంబరు నొక్కాడు. ఇంట్లో ఎర్ర ఫోన్ మోగడం రెండు చెవులా వినిపించింది. ఒకటి, రెండు, మూడు. 

"ట్రంక్స్. నంబర్ చెప్పండి."

"రాజమండ్రి. మూడు రెండు సున్నా ఆరు."

అవతల చిక్కుడుకాయ ఒకటి విరిగిన చప్పుడు. దుప్పటి గాలికి కదిలి ముఖానికి తగిలింది.  నేనెవరో చెప్పు అన్న మాట గొంతుదాకా వచ్చింది. మింగేశాడు.

"దగ్గు తగ్గిందా అండీ?" అంది వకుళ.

"ఇంకా కొంచెం ఉందండీ," అన్నాడు దివాకరం.